చుక్కల వెనక

అక్క మిలోయ్కా రాత్రి డ్యూటీకి బేకరీకి వెళ్ళాక మొదలుపెడతాను.
కిటికీ అవతల ద్రావా నది మీద పొగమంచు.
మారిబోర్ ఊళ్ళో ఆఖరి బస్సు కూడా వెళ్ళిపోయింది.

బల్ల కింద డబ్బా, బల్ల మీద తెర,
డబ్బా వెనక తోకలా బుల్లి యాంటెన్నా.
ఎనభై యూరోలకి ఇచ్చాడు పాతసామాన్ల బోయాన్,
"ఇంగ్లండు నించి వచ్చిన సరుకు, వోయ్కో" అంటూ.
మీటలు మాత్రం మన ఊరివే తగిలించాడు.

ముప్పయ్యొక్క ఏళ్ళు లారీ ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి.
చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి.
దీనికి చప్పుడే లేదు.

గాలిలో మా ఇంటి పేరు కనిపిస్తోంది,
పక్కన చిన్న తాళం బొమ్మ.
పై వాటా హ్రిబెర్నిక్‌ల పేరుకీ తాళమే,
కింద మంగలిషాపుకీ తాళమే.
ఉన్నది ఒకటే గాలి,
ఎవరి ముక్కకి వాళ్ళు గొళ్ళెం పెట్టుకున్నారు.

బేకరీ రసీదు వెనక అక్క రాసిచ్చిన మాట: జ్వెజ్ద.
దాని తర్వాత మా పాత ఇంటి నెంబరు, రెండుసార్లు.
జ్వెజ్ద అంటే చుక్క. ఆకాశంలోది.
ఒక్కో అక్షరం కొడుతుంటే తెర మీద ఒక్కో నల్లచుక్క.
పది చుక్కలు.
"కలపలేకపోయాం" అంటుంది యంత్రం,
సంబంధం కుదరదని కబురు పంపినంత మర్యాదగా.

రౌటర్ ప్లగ్గు పీకి ముప్పై లెక్కపెట్టాను.
పచ్చ, పచ్చ, నారింజ, మళ్ళీ పచ్చ.
డబ్బాని గోడ దగ్గరికి ఈడ్చాను.
మా ఇంటి పేరు మర్చిపొమ్మన్నాను, మళ్ళీ గుర్తుచేశాను.
డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను.
దాని గడియారం రెండేళ్ళ కిందటి మార్చిలో ఆగి ఉంది.
ఆ మార్చిలో నేనింకా ఉద్యోగంలో ఉన్నాను.
కాసేపు ఊరుకుని, తేదీ సరిచేశాను.

పది చుక్కలు. కలపలేకపోయాం.

అక్క ఫోను మాత్రం వంటింట్లో
అదే గాలి తాగి కిలకిల నవ్వుతుంది.
పోయిన నెల హీటరు బిల్లు దగ్గర మాటా మాటా వచ్చింది మాకు.
నిన్న గుమ్మంలో ఆవిడ బూట్లు కట్టుకుంటుంటే అనేశాను:
"తాళం మార్చి పాత చెవి నా చేతిలో పెట్టావు కదూ?"
ఆవిడ పలకలేదు.
లేసుకి ఇంకో ముడి వేసి వెళ్ళింది.

ఇవాళ మూడో రాత్రి.
ఈ ఇంట్లో నాకేం విలువ ఉందో రాసి ఆవిడ కప్పు కింద పెడదామని
ఖాళీ పేజీ ఒకటి తెరిచాను.
మొదటి మాట "జకాయ్", ఎందుకు అని.
వేలు జెడ్ మీదే పడింది.
తెర మీద లేచి నిలబడింది వై.

మా అక్షరమాలలో వై లేనే లేదు.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే,
రెండు చేతులూ పైకెత్తి, నాకేం తెలుసన్నట్టు.

మీట మాది. దాని వెనక చెవి ఇంగ్లండుది.
మూడు రాత్రులుగా నేను తలుపు కొడుతున్నది
య్వెయ్ద అన్న పేరుతో.
అలాంటి చుక్క ఏ ఆకాశంలోనూ లేదు.
ఎవరి కంటా పడకుండా కప్పిన చుక్కలు
ముందు నా కన్నే కప్పాయి.
నిన్న గుమ్మంలో అన్న మాట మీద మాత్రం
ఒక్క చుక్కా లేదు.

మీటల భాష మార్చాను. పది చుక్కలు కొట్టాను.
మూలన చిన్న అలలు లేచాయి, ఒకటి, రెండు, మూడు.

అయిదింటికి తలుపు చప్పుడు.
కనుబొమల మీద పిండి, చంకలో వేడి రొట్టె.
"ఒక అక్షరం తేడా" అన్నాను.
"ఏది?"
"మన దగ్గర లేనిది."
ఆవిడ వంగి బూటు లాగింది. రాలేదు.
నిన్నటి ముడే, అలాగే వేసుకుని వెళ్ళినట్టుంది,
తడికి బిగుసుకుపోయింది.

నేల మీద కూచున్నాను.
నట్లు విప్పిన గోళ్ళు ఇవి, లేసు సన్నం,
పట్టు దొరకటం లేదు.
గదిలో తెర మీద ఏదో దిగుమతి అవుతోంది,
పదకొండు శాతం.


"కదలకు" అన్నాను అక్కతో.