ఇంకొకరి బరువుకు

గెథిన్ బండి నా కింద కుంగలేదు.
ఎక్కితే
గడప మీద కూర్చున్నట్టుంది.
ఇరవై రెండేళ్ల బండి, రెండు సిలిండర్లు,
టాంకు మీద ఒక సొట్ట.
"గొర్రె" అన్నాడు గెథిన్,
అంతకుమించి చెప్పలేదు.

బ్లైనై ఊరి చుట్టూ పలకరాతి గుట్టలు.
వాన వెలిస్తే
ఉమ్మి పెట్టి తుడిచిన బడిపలకల్లా మెరుస్తాయి.
ఆ రోడ్ల మీద మొదటి వారం
ప్రతి గతుకూ నా మోచేతుల దాకా వచ్చి
పేరు చెప్పి మరీ వెళ్లింది.

ఫోర్కు కాలికి ఒక ప్లాస్టిక్ టై బిగించాను,
ఎంత దిగుతుందో చూద్దామని.
కొండ దాటి వెళ్లొచ్చి చూస్తే
బెత్తెడు కూడా జరగలేదు.

"నూట పద్దెనిమిది కిలోలు," అన్నాడు గెథిన్ దర్జాగా,
"రగ్బీలో ముందు వరస.
వెనకాల మెన్నా, పక్కపెట్టెల్లో డేరా.
అసలు స్ప్రింగులు మాకు సాష్టాంగపడేవి,
గట్టివి వేయించా.
నువ్వు ఎక్కింది బండి కాదు, నన్ను.
తీసి పారెయ్."
మోకాలు మార్పించుకున్నాక అతను బండెక్కలేదు.
కిటికీలోంచి చూస్తాడు, అంతే.

స్ప్రింగులమ్మేవాడు ఫోన్లో మొదట అడిగింది బరువు.
"బూట్లూ హెల్మెట్టూ అన్నీ వేసుకుని చూడండి.
అబద్ధమాడితే తెలిసేది నాక్కాదు, మీ నడుముకి."
తెల్లారి ఐదింటికి, తపాలా గదిలో,
పార్సిళ్ల కాటా ఎక్కాను మొత్తం ముస్తాబుతో.
డెబ్బై కిలోల నాలుగు వందలు.
"మొదటి తరగతా, రెండోదా?" అన్నాడు ఇఫాన్
స్టాంపుల కట్ట తీస్తూ.

రెండు రకాలున్నాయట.
ఒకటి మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా
ఒకే మాట మీద నిలబడేది.
రెండోది ముందు మెత్తగా ఊకొట్టి
లోతుకెళ్లేకొద్దీ బిగుసుకునేది.
(మా పోస్టుమాస్టరు రెండో రకం.
నేను మొదటిదే అడిగాను.)

"ఎలా నడుపుతారు?
నింపాదిగానా, హుషారుగానా, పందెంలాగానా?"
నలభై ఏడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న.
"ఇంటికొచ్చేటప్పుడు నింపాదిగా," అన్నాను.
"వెళ్లేటప్పుడు?"
లైను కాసేపు గీపెట్టింది.
"హుషారు అని రాసుకుంటా," అన్నాడు.

"వెనకాల ఎవరైనా కూర్చుంటారా?"
ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చా అనడిగాను.
"నాక్కావాల్సింది పేరు కాదమ్మా, కిలోలు."
సున్నా.
అన్నాక తెలిసింది,
అనడం అంత కష్టమేం కాదని.

గెథిన్‌వి మిల్లీమీటరు కుంగాలంటే కిలో మోపాలి.
నాకు ఎనిమిది వందల గ్రాములు చాలట.
కొట్లో ఉల్లిపాయలు తూచేటప్పుడు
ఎవరూ పట్టించుకోని తేడా.
ఇఫాన్ మాత్రం తల అడ్డంగా ఊపాడు:
మెత్తగా ఉంటే మొత్తబుద్ధి,
గుంతలకైనా అంతే.
రెండు రాత్రులు ఆ రెండొందల గ్రాములు
దిండు కింద పెట్టుకు పడుకున్నాను.

శనివారం, గెథిన్ షెడ్డులో.
మూతలు విప్పితే ముక్కిపోయిన చేపనూనె కంపు.
పాతవి మూరెడు పొడవున, నల్లగా, జిడ్డోడుతూ
పేపరు మీద పడుకున్నాయి.
కొత్తవి దించి, పైన గొట్టం ముక్క కోసి పెట్టి,
గెథిన్ హ్యాండిలు పట్టుకుంటే నేనెక్కాను.
మెన్నా టేపుతో వంగి
"ముప్పై నాలుగు" అని అరిచింది.
బస్సులో ఎవరో కాస్త జరిగి
చోటిచ్చినట్టనిపించింది.

పాతవి తనకిచ్చెయ్యమన్నాడు,
కోళ్లగూటి గేటు దానంతటది మూసుకోడానికి.
పొద్దుగూకేదాకా కుస్తీ పట్టాడు.
అవి తోసే స్ప్రింగులు,
లాగడం వాటికి రాదు.
గేటు తెరిచే ఉండిపోయింది,
కోళ్లు ఉల్లికాడల మడిలో తేలాయి,
మెన్నా అన్న మాటలు ఇక్కడ రాయను.

ఆగస్టులో వెళ్తే
ఒక స్ప్రింగు పెరట్లో, కర్రకి తొడిగి ఉంది.
చిక్కుడు తీగ చుట్టు చుట్టుకీ ఆగి
పైదాకా పాకింది, ఎర్రటి పూలతో.
"ఇదీ కుంగట్లేదు" అన్నాడు.

నేను టీ తాగుతుంటే
కొత్త మోకాలు మీద చెయ్యేసి, మెల్లగా వంగి,
ఫోర్కు కాలి మీద టై ఎక్కడిదాకా దిగిందో
చాలాసేపు చూశాడు.
"మెన్నా," అని లోపలికి కేకేశాడు,
"ఈ పిల్ల ఎంత వేగంగా పోతోందో
నీకేమైనా చెప్పిందా?"