పది దినాల పరీక్ష

ఉరవకొండ బస్టాండు వెనక రేకుల షెడ్డు.
పగలు నలభై మూడు డిగ్రీలు.
సెల్లు వేడెక్కిందో, ఊరే వేడెక్కిందో
తేల్చుకోడానికి తెల్లారుజామునే లేస్తా.

పాత ల్యాప్‌టాపుల కడుపులోంచి తీసినవి,
మీటరు పెడితే అన్నీ నాలుగు వోల్టులే అంటాయి.
ఉత్త చేతులతో నిలబడ్డప్పుడు ఎవరైనా బలశాలే.
బరువు పెట్టాల.
గంటా రెండు గంటలు కరెంటు లాగుతా
అంకె దిగే తీరు చూడాల.
కొన్ని బావి మెట్లు దిగినట్టు దిగతాయి.
కొన్ని చివర్లో, కాలు జారి.

మళ్లీ నిండా నింపి పది దినాలు పక్కన పెడతా.
ఎవరూ ముట్టకపోయినా లోలోపల ఒలికిపోయేవి
అప్పుడు బయటపడతాయి.
మా అమ్మ విత్తనం శెనక్కాయ చెవి దగ్గర ఆడించి
"ఇది లొట్ట" అనేది, ఒలవకుండానే.
నాకంత చెవి లేదు. పుస్తకంలో రాసుకుంటా.

నూట పద్నాలుగో సెల్లు.
బరువు మోసింది. పది దినాలు నిలిచింది.
నింపేటప్పుడు మాత్రం
పక్కదానికన్నా తొమ్మిది డిగ్రీలు ఎక్కువ.

వన్నూరప్ప ఆటో బయటే ఉంది.
"ఒగటే గదా కాశింబక్కా, నూరిట్లో కల్సిపోతాది, ఏసెయ్."
బడి పిల్లోళ్ల ఆటో.
వెనక సీటు కిందనే బ్యాటరీ పెట్టె.

పెన్నహోబిలం ఇసుక, బకెట్ నిండా.
దాన్ని అందులో పూడ్చి
చెప్పులు మర్చిపోయి బయట ఎండలో నిలబడినా.

ఏమీ కాలేదు.
మర్నాడూ ఏమీ కాలేదు.
"నేను చెప్పలా?" అని నవ్వినాడు వన్నూరప్ప.

పుస్తకంలో ఆ అంకె పక్కన "వద్దు" అని రాసి
కిందనే ఇంకోసారి రాసినా.