పొట్టు

కొనేటప్పుడు నేను చూసింది తలుపులు.
జరిపి చూసిన, ఏసి చూసిన,
మడతబందులకు వేలు రాసి తుప్పు చూసిన.
"ఎద్దును కొనేటోడు పండ్లు చూస్తడు,
నువ్వు కొమ్ముల రంగు చూసినవు" అన్నది భారతి,
చీటి ఎత్తిన పైసలు లెక్కవెట్టి ఇచ్చుకుంట.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి దాకా
పిల్లి నడక నడిచింది ఓమ్ని.
పదకొండు రోజులు అట్లనే.
పన్నెండో నాడు మిడ్జిల్‌ల రెండు తలుపులు దించి
ఖాళీగ వస్తున్న.
మూడో గేరు, ముల్లు నలభై మీద.
కింద ఎవరో మొద్దు రంపంతోని
పచ్చి తుమ్మ కోస్తున్నట్టు.

మౌలాలి మేస్త్రిని పక్కన కూసోబెట్టుకొని
కొట్ర గేటు దాకా పోయినం. సప్పుడు లేదు.
తిరిగొచ్చినం. లేదు.
జరమని పిల్లను దవాఖానకు మోస్కపోతే
డాక్టరు ముంగట దునుకులాడినట్టు.
ఆయన దిగి, నేను వంద గజాలు పోంగనే
మళ్ళ అదే తుమ్మ, అదే రంపం.

క్లచ్ ప్లేటన్నరు. మార్పిచ్చిన.
షాఫ్టు క్రాసన్నరు. అదీ మార్పిచ్చిన.
మా సడ్డకుడు టైర్ల గాలి అన్నడు,
ఆయన మాటకు పైసలు కాలే, అదొక్కటి నయం.

ఆఖరికి ఎనక ఇరుసు నడుమ గుబ్బ విప్పి
మౌలాలి కింద తట్ట పెట్టిండు.
నూనె కారలే.
జొన్న అంబలి లెక్క జారింది.
వేలు ముంచి, నా దిక్కు చూసి,
ఏమనకుండ చెయ్యి నా ముక్కు కాడికి తెచ్చిండు.

ముప్పై ఏండ్లు నా అంగీల పడ్డది,
కనురెప్పల మీద పడ్డది, సద్దన్నంల పడ్డది.
నేను పోల్చకపోతె ఎవరు పోలుస్తరు?

"పండ్లు అరిగిన సప్పుడును మింగుతదని పోస్తరు" అన్నడు మౌలాలి.
"నెల ఆగుతది. బండి చేతులు మారేటందుకు
నెల చాలు కదా, సోమాచారీ."

గుప్పెడు తీసి కిరసనాయిల్ల కడిగిన.
ఎండల అరచెయ్యి చాపి ఆరబెట్టిన.
ఎర్రగ, సన్నగ.
వేప. చిత్రిక పట్టింది కాదు, మిషన్ల కోసింది.
మా దిక్కు వేప కోసే మిషన్లు మూడు.
ఒకటి నాది.

ఎండకాలంల ఒకాయన వచ్చిండు, యూరియా సంచి పట్టుకొని.
కోడిపిల్లల కింద పరుస్తనన్నడు.
పొట్టుకు పైసలేందని నిండ నింపుకొమ్మన్న.
మొకం చూడలే.
దర్వాజ ఒకటి మూలమట్టానికి రాకుంటె
దానితోని కొట్లాడుతున్న నేను.
ఆయనే కావచ్చు.
ఆయనకు నిజంగనే కోళ్లు ఉండచ్చు.

రాత్రి మంచంల తిట్టిన, ఆ సంచాయనను,
జడ్చర్ల బేరగాన్ని, వాని తాతను.
భారతి గోడ దిక్కు తిరిగి అడిగింది:
"మిడ్జిల్ తలుపుకు పగులు ఎట్ల పూడిసినవు?"

గమ్ముల పొట్టు కలిపి
బొటనవేలితోని కూరి
పైన రెండు చేతుల వార్నిష్.
అందరు చేసేదే.
నేనూ నెల చాలనుకున్ననో,
ఏమీ అనుకోలేదో, ఇప్పుడు యాదికి లేదు.

పాత ఇనుప సామాన్ల దుకాణంల దొరికింది
క్రౌను, పినియను, జత విడిపోనిది.
మౌలాలి దాని పండ్ల మీద పండ్లు కలిపి తిప్పుతుంటె
కూసం బెజ్జంల కూసున్నట్టు అనిపించి
నా చెయ్యి ఊరికే ముందుకు పోయింది.
తొమ్మిది వేలు. నాలుగు వేలు బాకీ.

ఇప్పుడు మూడో గేరుల సప్పుడు లేదు.
చెవి మాత్రం నలభై కాడ ఇంకా ఒంగి చూస్తది.

రాత్రంత వాన.
నానితె కర్ర దాచుకున్నది కక్కుతది.
పొద్దుగాల మిడ్జిల్ల ఆ ఇంటి ముంగట ఆపిన.
తలుపు లోపటికి తెరిచి ఉన్నది,
పగులున్న దిక్కు గోడకు.
చేతుల చాట పట్టుకొని ఆమె బయటికొచ్చింది:
"ఏంది, ఆచారీ?"

ఇంజన్ బంద్ చెయ్యలే నేను.
గేరు మీద చెయ్యి తియ్యలే.