చెయ్యి తిరగదు

రెసీఫ్ కోర్టులో గుమస్తాని నేను.
ఆ ఏడు జూన్ వానలకి
నా సిరాబుడ్డిలోకీ నీళ్ళు దిగాయి.
అందుకే ఆ కేసు కాగితాల్లో
అక్షరాలు కొంచెం పల్చగా ఉంటాయి.

అర్జీదారు యూఫ్రాజియా.
వయసు ఒకచోట నలభై, ఇంకోచోట యాభై మూడు.
అమ్మేవాళ్ళ లెక్క వేరు, కొనేవాళ్ళ లెక్క వేరు కదా.
ఇక్కడ ఆమె కొనుక్కునేది తననే.

కొత్త చట్టం అలా ఉంది:
బానిస కూడబెట్టిన సొమ్ము కోర్టులో కట్టొచ్చు,
ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని వెల తేలుస్తారు.
సొమ్ము చాలితే మనిషి,
చాలకపోతే సరుకు.

ఆమె కట్టింది నాలుగు వందల ఇరవై మిల్‌రేయిస్.
పరాయి చొక్కాలు, ఆదివారాలు, బొగ్గుల ఇస్త్రీపెట్టె,
అన్నీ కలిపి అంతైంది.
అందులో నా కాలర్లూ ఉన్నాయి.
ఈ సంగతి నేను రికార్డులో రాయలేదు.

దోనా ఉర్సులీనా విసనకర్ర మూసి లేచింది.
"దీనిలాంటిది ఊళ్ళోనే లేదు.
లేసు అల్లుతుంది, జామపండు మిఠాయి వండుతుంది,
ఒక్కరోజు మంచాన పడి ఎరగదు.
చెయ్యి తిరిగిన మనిషి!
ఎనిమిది వందలకి తక్కువైతే నాకు అన్యాయం."
ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ బాగుందని అనని నోరు
ఆ పూట ఎంతకీ ఆగలేదు.
యూఫ్రాజియా తల వంచుకుని వింది.
కొత్త భాష వింటున్నట్టు.

వకీలు లసెర్దా లేచాడు.
"చెయ్యి తిరిగిన మనిషా?
అయ్యా, అసలు ఆ చెయ్యే తిరగదు. కీళ్ళవాతం.
ముందు పళ్ళు నాలుగు లేవు. చూపు మందం.
ఇస్త్రీకి కూర్చోబెడితే బట్ట మాడుస్తుంది."
దగ్గమని ముందే చెప్పినట్టున్నాడు, దగ్గింది.
కుంటమన్నట్టున్నాడు, కుంటింది,
ఓసారి కుడికాలు, ఓసారి ఎడమకాలు.
మాడుస్తుంది అన్నప్పుడు మాత్రం
చటుక్కున తలెత్తింది.
పెదవి కదిలింది.
మళ్ళీ దగ్గింది.

అప్పుడు దోనా ఉర్సులీనా
ఒక తెల్లటి మేజాగుడ్డ తీసి బల్లమీద పరిచింది.
"మరి ఇది ఎవరు చేసినట్టు?"
"ఎవరో" అన్నాడు లసెర్దా.
దారిలో తడిసి దాని మూల ఒకటి నలిగింది.
మధ్యవర్తులు ముగ్గురూ ముక్కులు ఆనించి చూస్తున్నారు.
ఆ చెయ్యి, ఆ తిరగని చెయ్యి,
ఎవరూ పిలవకుండానే వెళ్ళి
మడత మీద బొటనవేలు నడిపి
మూలని సరిచేసి వెనక్కి వచ్చింది.

కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.
లసెర్దా కళ్ళు మూసుకున్నాడు.

నాలుగు వందల డెబ్బై, అన్నారు మధ్యవర్తులు.

ఆ యాభై, బొటనవేలి ఖరీదు.
ఆ రోజు నా సొరుగులో అరవై ఉన్నాయి,
కొత్త కోటుకని దాచుకున్నవి.
కోటు కుట్టించుకున్నాను.
ఇదీ రికార్డులో లేదు.

మళ్ళీ వానలకి వచ్చింది
గుడ్డమూటలో రాగినాణేలతో.
రెండుసార్లు లెక్కపెట్టాను, చేతులకి బొగ్గువాసన.
సంతకం రాదంటే
ఆమె తరఫున కాపలావాడు చేశాడు.
కాగితం చేతిలో పెడితే
దాన్ని చూడలేదు, నా మెడకేసి చూసింది.
"ఈ కాలర్ ఎవరు చేస్తున్నారిప్పుడు?
గంజి ఎక్కువైంది" అంది.
మెట్లు దిగి వెళ్ళిపోయింది.
ఏ కాలూ కుంటలేదు.

బానిసత్వాన్ని మొత్తంగా ఎత్తేయడానికి
ఇంకో పుష్కరం పట్టింది.
ఆ రోజు వీధుల్లో బ్యాండు, పూలు,
బాల్కనీల్లోంచి ఉపన్యాసాలు, ఎవరెవరివో పేర్లు.
నేను కోర్టులోనే ఉన్నాను. బీరువా తీశాను.
నాలుగు అరల నిండా
చెమ్మకి ఉబ్బిన కట్టలు.
తమ దగ్గు, తమ కుంటితనం, తమ పళ్ళ లెక్క
తామే ఒప్పజెప్పి
తమని తాము తక్కువకి బేరమాడుకున్నవాళ్ళు.

ఆమె కట్టలో పై కాగితం
మూల మడతపడి ఉంది.
బొటనవేలితో సరిచేయబోయాను.
పోలేదు.