ఖాళీ బండి

సిస్కియూ కనుమ కింద,
గొలుసులు కట్టుకోమనే బోర్డు దగ్గర
మాకందరికీ ఛాతీ మీద ఒక్కో నెంబరు.
నాది పదిహేడు.
కట్టడానికి నలభై డాలర్లు, విప్పడానికి ఇరవై.
పందొమ్మిది చలికాలాలుగా నేను లోకాన్ని చూసింది
ఎక్కువగా చక్రం ఎత్తు నుంచే.
మనుషుల ముఖాలు గుర్తుండవు నాకు.
టైర్లు గుర్తుంటాయి.
అరిగి బోడిగుండైనవి,
పళ్ళ సందులో గులకరాయి ఇరికించుకుని వచ్చినవి.

ఆ సాయంత్రం మంచు
ఎవరో చేటతో నూకలు చెరుగుతున్నట్టు
వాలుగా పడుతోంది.
ఆకుపచ్చ పాత పికప్ ఒకటి వచ్చి ఆగింది.
ఆగింది అనకూడదు.
వెనక భాగం అలిగి పక్కకి పోతే
ముందు భాగం దాన్ని బతిమాలి తెచ్చుకుంది.

తలుపు మీద వెలిసిన అక్షరాలు: వెర్నెల్ హాస్కిన్స్, బేరి తోట.
దిగిందామె. డెబ్భై దాటి ఉంటాయి.
మోకాళ్ళ పట్టీలు సరిచేసుకుని లేచాను.
"కూర్చో నాయనా, చేతులున్నాయి నాకు."

గోనెసంచి తిరగేసింది.
జలజలమని మంచులో పడ్డాయి గొలుసులు.
ఆ చిక్కు విప్పిన తీరు చూడాలి,
పేచీ పెట్టే పిల్లకి తల దువ్వుతున్నట్టు
ఎక్కడా లాగకుండా.
ఒకచోట లంకె తెగితే
గడ్డిమోపుల తీగతో వేసిన ముడి ఉంది.
దాని దగ్గర ఆమె వేలు కాస్త ఆగింది.
ఎవరు వేశారో నేను అడగలేదు.

"కొక్కేల మొనలు బయటికుండాలి,
లేకపోతే రబ్బరుని కొరుకుతాయి" అంది,
నాకేదో తెలియనట్టు.
చక్రం మీద కప్పి, బండిని జానెడు ముందుకి జరిపి,
బురదమంచులో వెల్లకిలా పడుకుంది.
లోపలి కొక్కెం ముందు. బయటిది తర్వాత.
నేను చేసిందల్లా టార్చి పట్టుకోవడం.
అదీ తప్పు చోట పట్టి ఒకసారి మాట పడ్డాను.

అయిపోయాక కూడా ఎక్కలేదు.
వెనక తొట్టిలోకి చూస్తూ నిలబడింది.
పొద్దున్న కనుమ దాటేటప్పుడు నలభై పెట్టెల పళ్ళట.
ఇప్పుడు ఒక్కటే,
అదీ ఎవరూ కొనని దెబ్బకాయలు.
"నిండు బండి చెప్పిన మాట వింటుంది.
ఖాళీది ఒళ్ళు తెలియక గెంతుతుంది.
ఎంత గొలుసు కట్టినా
పైనుంచి తొక్కిపెట్టే బరువుంటేనే పట్టు."
అని, పార తీసి,
రోడ్డు పక్క మంచుని తొట్టిలో పోయడం మొదలెట్టింది.

పందొమ్మిది చలికాలాలు ఆ మంచుని తిట్టాను.
కాలర్లోకి జారితే దులుపుకున్నాను.
పనిలో పెట్టుకోవచ్చని తోచనే లేదు.

రెండో పార నాది.
"ఇరుసు మీదికి పోయ్! అంచున కాదు!"
పన్నెండో నెంబరు కుర్రాడు డెల్‌రాయ్
నా గిరాకీలు రెండు ఎగరేసుకుపోయాడు.
పోనీ.

తొట్టి నిండింది.
బండి నాలుగు వేళ్ళు కిందికి కుంగింది,
నీళ్ళు మోసే మనిషిలా, నిదానంగా.
"మరి ఇదంతా దించేదెవరు?" అన్నాను.
"కింద లోయలో ఎండ కాస్తే అదే దిగిపోతుంది.
కూలి కూడా అడగదు."

మంచు ఎత్తినందుకు నా రేటు కార్డులో ధర లేదు.
ఆమె ఒక పండు తీసి, బొటనవేలితో నొక్కి చూసి,
పెదవి విరిచి, అది తన జేబులో వేసుకుని,
ఇంకోటి నా చేతిలో పెట్టింది.

చెప్పడం మర్చిపోయాను.
అర మైలు పోయాక ఆగి మళ్ళీ బిగించుకోండని
అందరికీ చెప్తాను. ఎవరూ ఆగరు.

గొలుసుల చప్పుడు మలుపెక్కింది.
కొంతసేపటికి ఆగిపోయింది.
పైన చీకట్లో రెండు ఎర్ర దీపాలు, కదలకుండా.
పండు కొరికాను. చిగుళ్ళు జివ్వుమన్నాయి.
నమిలి మింగేలోపు
చప్పుడు మళ్ళీ మొదలైంది,
ఈసారి వదులు లేకుండా.

"ఎంత?" అని
అద్దం దించి ఎవరో అడుగుతున్నారు.