తరుగు

అక్టోబరులో నాకు రెండు కొలువులు.
రాత్రిళ్లు బీట్‌దుంపల లారీలకు కాటా,
శనివారం పొద్దున హైస్కూల్లో శాట్ పరీక్షకు ఇన్విజిలేటర్.
మిన్నెసోటా చలికి రెండు చోట్లా అదే స్వెటరు.
రెండు చోట్లా నోరు మెదపకూడదు.

ఆ శనివారం తొమ్మిదో గదిలో ఇరవై రెండు మంది.
ఇరవై ఒక్కరికి గడ్డమో, లిప్‌స్టిక్కో, కారు తాళమో ఉంది.
మిగిలింది ఒడీలియా ట్రెవిన్యో,
పదమూడు నిండడానికి ఇంకా రెండు నెలలు.
లైసెన్సు లేదు కాబట్టి
ప్రిన్సిపాల్ ఇచ్చిన ఉత్తరం తెచ్చింది.
ఫొటో అంటించారు, ముద్ర కొట్టారు,
ముద్ర పోయి పోయి ముక్కు మీద పడింది.
ముక్కు తప్ప మిగతాదంతా పోల్చుకుని లోపలికి రానిచ్చాను.

కుర్చీలో కాళ్లు నేలకి అందలేదు.
అన్న వాడి పారేసిన కాలిక్యులేటరు,
బ్యాటరీ మూత పోయినచోట బ్యాండ్‌ఎయిడ్.
ఆ అన్న ఎలిసెయో రెండు వరసల వెనకే,
తెల్లవారుజామున రెండింటిదాకా నా కాటా మీదికి లారీ తోలినవాడు.
గోళ్లలో మట్టి, కళ్లలో నిద్ర.

ముందు ఫారం నింపాలి.
కాలేజీల కోసం నాలుగు గళ్లు,
నాలుగింటికీ మార్కులు ఊరికే పంపుతారు, ఐదోదానికి డబ్బు.
ఎంతొచ్చిందో తెలియకముందే
ఎవరికి చెప్పాలో రాసేయాలి.

ఒడీలియా చెయ్యెత్తింది.
"ఎవరికీ వద్దంటే ఏ గడిలో రాయాలి?"
నేను చదవాల్సిన వాక్యాలన్నీ
నా చేతి పుస్తకంలో అచ్చేసి ఉన్నాయి.
ఇది లేదు.
భుజాలెగరేశాను. అది మాట కింద రాదనుకుంటాను.
ఎవడో కిసుక్కుమన్నాడు. ఎలిసెయో కాదు.
వాడు ఒక్క గడిలో రాసి, చెరిపి, మళ్లీ అదే రాస్తున్నాడు,
నది అవతలి యూనివర్సిటీ, గ్రాండ్ ఫోర్క్స్‌లోది.
బల్లమీద రబ్బరు పొట్టు.

విరామంలో పెద్దవాళ్లు గోడకానుకుని
ఏ జవాబు ఎవరికొచ్చిందని గుసగుసలు.
పిల్ల నా దగ్గరికొచ్చింది, చేతిలో చిక్కుళ్లు చుట్టిన తోర్తియా.
"లారీలో మట్టెంతో దుంపలెంతో మీకెలా తెలుస్తుంది?"
కాటా గురించి మాట్లాడొద్దని ఏ పుస్తకంలోనూ లేదు కదా, చెప్పాను:
ఒక సంచి తీసి కడుగుతారు. మిగిలింది దుంప. పోయింది తరుగు.
"ఒక్క సంచితో లారీ మొత్తాన్నా?"
"ఔను."
"ఆ సంచిలోనే మట్టెక్కువ పడితే?"
గంట కొట్టారు.

నెలాఖరుకి మంచు పడింది, ఆఖరి దుంపలు.
రాత్రి ఒంటిగంటకి ఎలిసెయో కిటికీ అద్దం దించాడు.
"మార్కులొచ్చాయి."
నేనేం అడగలేదు.
"చెల్లికి నాకంటే నూట నలభై ఎక్కువ."
ఇంజను ఆపలేదు, కాటా అంకెలు వణుకుతూనే ఉన్నాయి.
"చిన్నపిల్లల మార్కులు ఉంచమని రాస్తేనే ఉంచుతారట,
లేకపోతే చెరిపేస్తారట.
చెరిపేయనీ అంటోంది.
అమ్మ ఫ్రిజ్ మీద నాదొక్కటే ఉండాలట."

"మరి?"

"ఉంచమని ఉత్తరం రాశాను. సంతకం కూడా నేనే దానిలా పెట్టాను."
ఇంకా నేను తొమ్మిదో గదిలోనే ఉన్నట్టు
నా మొహంకేసి చూశాడు.
నేను అంకెలకేసి చూశాను.
ఇరవై ఆరు టన్నుల పైచిలుకు. చీటీ చింపి ఇచ్చాను.

"నీవో?"
"వెళ్లిపోయాయిగా. ముందే రాశాను."

ఖాళీ చేసి వచ్చేటప్పుడు మళ్లీ కాటా ఎక్కాలని గుర్తుచేశాను,
ప్రతి రాత్రీ అందరికీ చెప్పేదే.
అద్దం సగం ఎత్తి, ఆగి,
ఆ ఉత్తరానికి ఎన్ని స్టాంపులు పడతాయని అడిగాడు.
ఒకటి చాలన్నాను.