చేతికియ్యని ఉప్పు

మా ఊర్లో ఉప్పు చేతికియ్యరు.
చేతికిస్తే కొట్లాట వస్తాదంట.
గడప మీద పెడతారు, చాట కొసన పోస్తారు,
మౌలాబీ అయితే పాత క్యాలెండరు కాయితంలో పోసి
నేల మీద నా దిక్కుకు జరుపుతాది,
పులిజూదంలో మేకను జరిపినట్టు.

నా సంచిలో బొటనవేలంత సీసా.
ఒగ చుక్క.
ఈ వారమంతా నా పని అదే.
పత్తికొండ నుంచి వచ్చిన డాక్టరమ్మ నేర్పించిపోయింది:
చుక్క వేయి, నిమిషం ఆగు, రంగు చూడు, రాయి.

నీలం. లేత వంకాయ నీలం.
మద్దిలేటమ్మ ఇంట్లో ఎంత నీలమంటే
ఇంకో చుక్క, ఇంకో చుక్క అని పిల్లోళ్లు ఎగబడినారు.
"ఇదేందే ఉరుకుందమ్మా, తినే ఉప్పులో సిరా పోస్తివి?"
సిరా కాదత్తా, నీ ఉప్పులో ఉండేదే.
నీ కంటికి కనపడంది చుక్కకు కనపడింది.
ఆమె ఆ చిటికెడు పారేయల్యా.
ఎవరి కాలికిందా పడకూడదని నీళ్లలో కలిపి
గోడవార పోసొచ్చింది.

పదిహేడో ఇల్లు సుంకులమ్మవ్వది.
దస్తగిరి సైకిలు మీద మూటేసుకొని తెచ్చే గల్లుప్పు.
కుండ మూత తీస్తే చెమ్మ, సముద్రం వాసన.
నేను సముద్రం చూడల్యా, అవ్వా చూడల్యా,
మాకు సముద్రమంటే దస్తగిరే.
చుక్క వేసినా.
నిమిషం.
తెల్లగానే ఉండాది.
సంగటి గెలికే తెడ్డు ఆపి అవ్వ చూస్తాంది.
ఇంకో నిమిషం.

అవ్వ కొంగు మెడచుట్టూ తిప్పుకునింది.
నడి ఎండాకాలంలోనూ ఆ కొంగు అట్లే ఉంటాది.
రేషను కార్డు ఫోటోలోనూ అట్లే.
నిమ్మకాయంత ఉన్నప్పుడు పెండ్లయిందంట,
ఇప్పుడు కొంగు చాలదు.
మనవడు లింగన్న అరుగు మీద రాళ్లు లెక్కబెడతాడు,
నాలుగు దాకా, మళ్లా ఒకటి నుంచి.
ఇరవై ఏండ్లు వానికి.
ఉప్పు వల్లనే అని నేను అనను.
డాక్టరమ్మా అనల్యా. తల దించుకొని రాసుకునింది.

"ప్యాకెట్టుప్పు తినవ్వా" అన్నా.
"పొడుప్పేస్తే ఊరగాయ బూజు పడతాది.
మాయమ్మ తినింది ఇదే, వాళ్లమ్మ తినింది ఇదే."
అంటానే చెయ్యి మెడ మీదికి పోయింది.
వాళ్లమ్మ మెడ గుర్తొచ్చిందో ఏమో.
ఇద్దరం ఆ మాట ఎత్తల్యా.

దీపం పెట్టినాక దాని పేరెత్తరు, రుచి అంటారు.
ఆ రాత్రి నా రుచి మీద నేనే ఒగ చుక్క వేసుకున్నా.
నవ్వే సూర్యుడి బొమ్మ ఉండే ప్యాకెట్టే.
నాలుగు నెలల కిందట కత్తిరించి
పొయ్యి పక్కన మూతలేని డబ్బాలో పోసింది.
నీలం రానూ రాల్యా, రాకుండానూ పోల్యా.
ఉతికి ఉతికి ఎలిసిపోయిన రవిక మాదిరి ఒగ రంగు.
రిజిస్టరులో ఆ రంగుకు గడి లేదు.
అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అనిందంట ఉప్పు.
వేసి చూసినా.
కడాన మా ఇంటి నంబరు రాసి
ఎదురుగా ఏం రాయాలో తెలీక
చుక్క పెట్టినా.

తెల్లారి ఒగ మూత డబ్బా, రెండు ప్యాకెట్లు కొన్నా.
ఒగటి అవ్వ గడప మీద పెట్టినా, చేతికియ్యల్యా.
"ఊరగాయకు నీ గల్లుప్పే వేసుకో,
సంగట్లోకి, కూరలోకి ఇది."
అవ్వ ఊ అనల్యా, ఊహూ అనల్యా.
లింగన్న లేచొచ్చి
సూర్యుడి బొమ్మను వేలితో నొక్కి చూసి
"ఒకటి" అన్నాడు.